తలుపులు తీసిన సందు

ఫోను మోగేసరికి రంగులమ్మ ముక్కుకి మాస్కు ఉంది, చేతిలో స్ప్రే గన్ను ఉంది. ఎదురుగా ఒక పాల వ్యాను సగం తెల్లగా, సగం బూడిదరంగుగా నిలబడి ఉంది. పూత మధ్యలో చెయ్యి ఆపితే చార పడిపోతుంది. అందుకని ఆమె ఎక్కడిదక్కడ ఉండి గడ్డంతోనే సైగ చేసింది. షెడ్డు మేస్త్రి వచ్చి ఆమె ఫోను ఎత్తాడు.

“ఆఁ, ఆవిడ ఫోనే. పనిలో ఉంది, నాతో చెప్పండి... ఏంటీ?... ఉండండుండండి, మోటరు ఆపనివ్వండి.”

కంప్రెసరు ఆగిపోయింది. షెడ్డులో అందరూ తలలెత్తి చూశారు. మేస్త్రి మొహం మొదట ముడుచుకుంది, తరవాత విచ్చుకుంది, ఆ తరవాత నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

“ఎంపికయ్యావంటమ్మా!” అన్నాడు చివరికి. “ఆ కళల ప్రదర్శనకి. నువ్వే. నీ పేరు రెండుసార్లు చదివించుకున్నాను.”

మాస్కు తీయడం కూడా మర్చిపోయి ఆమె ఏదో అరిచింది. అదేమిటో ఎవరికీ అర్థం కాలేదు గాని, సొట్టలు తీసేవాళ్ళు సుత్తులతో రేకుల మీద టపటపా వాయించేశారు. వ్యాను మీద చార పడనే పడింది. ఆ రోజు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు.

చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి రెండేళ్ళకోసారి జరిగే ప్రదర్శన అది. రంగు వేయడానికి షెడ్డుకొచ్చిన ఒక బస్సు వెనక దాని పోస్టరు అతికించి ఉంటే, గీకి పారేసే ముందు ఆమె చదివింది. “మనం ఉండే చోటు” అన్నది ఈసారి విషయం. చిత్రకారులే కానక్కర్లేదు, ఎవరైనా తమ ఆలోచన రాసి పంపవచ్చని కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆమె ఆ కాగితాన్ని నీళ్ళతో నానబెట్టి, చిరగకుండా ఊడదీసి ఇంటికి తీసుకెళ్ళింది.

ఆమె రాసి పంపింది షెడ్డులో రోజూ చూసే విషయమే. పాత బండి మీద నీళ్ళు పోస్తూ వాటర్ పేపరు అనే గరుకు కాగితంతో గుండ్రంగా రుద్దితే పైపూత కింద ఇంకో పూత, దాని కింద మరొకటి బయటపడతాయి. ఒకదాని లోపల ఒకటిగా రంగురంగుల వలయాలు. ఇప్పుడు నల్లగా హుందాగా ఉన్న కారు ఒకప్పుడు పసుపుపచ్చ టాక్సీ అని ఇట్టే పట్టేయొచ్చు. ఇళ్ళ తలుపులకీ అంతే కదా అనిపించింది ఆమెకి. సందులో ఇళ్ళన్నిటి వీధి తలుపులూ ఊడదీసి తెచ్చి, అదే వరసలో ప్రదర్శనలో నిలబెట్టాలి. ప్రతి తలుపు మీదా అరచెయ్యంత మేర రుద్ది, ఆ ఇల్లు ఇన్నేళ్ళుగా వేసుకున్న రంగులన్నీ చూపించాలి.

ఒకటే చిక్కు. తలుపులిమ్మని సందులో ఆమె ఎవర్నీ అడగలేదు.

“అడక్కుండానే రాసేశావా?” అన్నాడు ఆమె భర్త. అతను అంబులెన్సు డ్రైవరు. ఎంత కంగారు విషయమైనా నెమ్మదిగా మాట్లాడటం ఉద్యోగంలో అలవాటైపోయింది.

“ఎంపిక చేస్తారని ఎవరనుకున్నారండీ! ముందే అడిగి, తీరా రాకపోతే నవ్వులపాలైపోనా?”

“ఇప్పుడు తలుపులు పీకుతామంటే నవ్వరా?”

“నవ్వనీండి. నవ్వుతూ ఇచ్చేస్తే చాలు.”

అతను టీ కప్పు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, స్క్రూడ్రైవరు కోసం సొరుగు వెతకడం మొదలుపెట్టాడు. “మన తలుపుతో మొదలుపెడదాం. మనది పీకాక అడిగితే కాదనడానికి వాళ్ళకి మొహమాటంగా ఉంటుంది.”

ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. చెప్పుల్లో కాళ్ళు సగం దూర్చి సందులోకి పరిగెత్తింది.

ఆ సందు పొడుగు తక్కువ, గొంతులు ఎక్కువ. రెండువైపులా ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్ళు. ఈ చివర ఎవరికైనా దగ్గొస్తే ఆ చివరినుంచి మందు పేరు చెప్పేస్తారు. అందుకని రంగులమ్మ మొదటి ఇంట్లో విషయం చెప్పేసరికే నాలుగో ఇంటివాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“తలుపు లేకుండా నేను స్నానానికి ఎలా వెళ్ళనే?” అంది టీచరమ్మ. ఉద్యోగం మానేసి చాలా కాలమైనా ఆమెకి సందులో అందరూ ఇంకా విద్యార్థులే.

“స్నానాలగదిది కాదు టీచరమ్మా, వీధి తలుపు.”

“ఆ మాట ముందు చెప్పద్దూ! పట్టుకెళ్ళు. కానీ శుభ్రంగా కడిగి నిలబెట్టాలి. నా తలుపుకి మరకలున్నాయని ఎవరైనా అన్నారో, చూడు మరి.”

మెట్లింటి తాత మాత్రం తేలిగ్గా లొంగలేదు. “దొంగలొస్తే?”

“మీ ఇంట్లో ఏముంది తాతా, దొంగలు రావడానికి?”

“అదే కదే నా భయం! లోపలికొచ్చి ఏమీ లేదని చూసి పోతారు. పరువు పోదూ?”

కవలల తల్లి ఇంకా మాట పూర్తికాకుండానే ఒప్పేసుకుంది. ఇద్దరు పిల్లల వేళ్ళూ వంతులవారీగా ఆ తలుపులోనే నలుగుతున్నాయట. “తిరిగి తేకపోయినా పరవాలేదక్కా, అక్కడే ఉంచెయ్యి” అంది. దుప్పట్లు వేలాడదీసుకుంటామని కొందరు, పాత బల్ల అడ్డం పెట్టుకుంటామని కొందరు. తాత కూడా చివరికి, రాత్రిళ్ళు గుమ్మానికి అడ్డంగా తన మంచం వేసుకుంటే దొంగ మొహం తనే ముందు చూడొచ్చని తీర్మానించుకున్నాడు. పొద్దు వాలేసరికి సందు సందంతా ఒకటే హడావిడి. అందరూ ఎవరి తలుపుని వాళ్ళు మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటున్నారు.

ఒక్క ఇల్లు మిగిలింది. అది రంగులమ్మ పక్కిల్లు. నిజానికి పక్కిల్లు కూడా కాదు, ఆమె ఉంటున్న ఇంటికే రెండో సగం.

ఆ సగంలో ఆమె బావగారు ఉంటాడు, భర్తకి అన్న. సందు మొదట్లో ఆయనకి తాళాలు బాగుచేసే కొట్టు ఉంది. తండ్రి పోయాక అన్నదమ్ములు చెరో సగంలో సర్దుకున్నారు. మధ్యలో తలుపు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉండేది. తమ్ముడు పెయింటింగు షెడ్డులో పనిచేసే అమ్మాయిని చేసుకుంటానన్న రోజున అన్న ఇంతెత్తున లేచాడు. “మగాళ్ళ మధ్య నిలబడి బళ్ళకి రంగులేసే పిల్ల ఈ ఇంట్లో కాలు పెట్టిందంటే ఆ మధ్య తలుపు మూసేస్తా” అన్నాడు. ఆమె కాలు పెట్టింది. ఆయన తలుపు మూశాడు. తనవైపు పెద్ద తాళం వేశాడు. తమ్ముడికి రోషం వచ్చి ఇవతలి వైపు మేకులు కొట్టాడు. అప్పట్నుంచీ ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

రంగులమ్మ, ఆమె తోడికోడలు మాత్రం డాబా మీద బట్టలారేసేటప్పుడు గొంతు తగ్గించి రెండు మాటలు అనుకునేవారు. అత్తగారు పెద్దకొడుకు దగ్గర ఉండేది. మోకాళ్ళు అరిగిపోయి వీధి మెట్లు దిగి మళ్ళీ ఎక్కలేక, చిన్నకొడుకుతో గోడకి తనవైపునుంచే అరిచి మాట్లాడేది. “తిన్నావురా?” అంటే, “తిన్నానమ్మా!” అని అవతలినుంచి వినిపించేది. అంతే.

తలుపుల సంగతి బావగారి చెవిన పడేసరికి ఆయన కొట్టు దిగి సందు మధ్యలో నిలబడ్డాడు.

“తలుపులు పీకి ఊరేగిస్తారా? రేపు గోడలు కూడా పీకండి! తాళాలేసుకోవడానికి తలుపులే లేకపోతే నేనేం రిపేరు చెయ్యాలి, గాలినా? నా పొట్ట కొట్టడానికే పెట్టినట్టున్నారు ఈ ప్రదర్శన!”

“అరవకురా!” అని కిటికీలోంచి అత్తగారి గొంతు ఖంగున మోగింది. “ఆ తలుపులు మీ నాన్న చేయించినవి, నువ్వు కాదు. అమ్మాయ్, నువ్వు పట్టుకెళ్ళవే!”

“అమ్మా, నువ్వు లోపలికి పో.”

“నేను లోపలే ఉన్నానురా. బయటికి రాలేకనే కదా చచ్చేది!”

సందంతా ఘొల్లుమంది. ఆయన మొహం కందగడ్డలా చేసుకుని కొట్టులోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు రంగులమ్మ ఆ కొట్టు ముందుకెళ్ళి నిలబడింది. పెళ్ళయిన ఇన్నాళ్ళలో ఆయనతో నేరుగా మాట్లాడింది లేదు. ఆయన తలవంచుకుని ఒక తాళంచెవిని ఆకురాయితో రాస్తున్నాడు. పైన దండలు దండలుగా తాళంచెవులు గాలికి గలగలమంటున్నాయి. తనకి భయం కన్నా ఉత్సాహమే ఎక్కువగా ఉందని ఆమెకే ఆశ్చర్యమేసింది.

“బావగారూ, మీ వీధి తలుపు నాకు వద్దండీ.”

ఆయన చటుక్కున తలెత్తాడు. ఆ మాటకి సంతోషించాలో కోప్పడాలో తేల్చుకోలేకపోయాడు. “ఏం? అందరివీ పనికొచ్చాయి, మాదే పనికిరాలేదా?”

“మీ ఇంటినుంచి మధ్య తలుపు కావాలండీ.”

ఆకురాయి ఆగింది.

“అది తలుపు కాదు, గోడ” అన్నాడాయన.

“గోడకి తాళం ఎందుకండీ మరి?”

ఆయన మళ్ళీ తల దించుకున్నాడు. “ఆ తాళం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చెవి ఎక్కడ పారేశానో కూడా గుర్తులేదు. అది రాదు. ఇంక ఆ మాట ఎత్తకు.”

తరవాత ఆమె అన్న మాట ముందుగా అనుకున్నది కాదు. దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది. “సరేనండీ. బజారు చివర ఇంకో తాళాలాయన ఉన్నాడుగా, ఆయన్ని పిలుచుకుంటాను.”

“ఏంటీ?” ఆయన లేచిన ఊపుకి స్టూలు వెనక్కి పడిపోయింది. “వాడా? నా ఇంటి తాళం వాడు తీస్తాడా? గడియకీ గొళ్ళేనికీ తేడా తెలియనివాడు నేను నా చేత్తో వేసిన తాళం మీద చెయ్యేస్తాడా?”

పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుని, కొట్టుకి తాళం వేసి, ఆయన విసవిసా ఇంటివైపు నడిచాడు. రంగులమ్మ వెనకాలే పరిగెత్తాల్సి వచ్చింది. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

అన్న అవతల తాళంతో కుస్తీ పడుతుంటే తమ్ముడు ఇవతల మేకులు పీకాడు. ఇద్దరికీ మధ్య చెక్క మందం దూరమే ఉంది. అవతల టిక్కుమంటోంది, ఇవతల కిర్రుమంటోంది. తుప్పులో నూనె దిగడానికి టైము పట్టింది. ఆయన తాళాన్ని తిట్టాడు, బతిమాలాడు, మళ్ళీ తిట్టాడు. ఆఖరికి ఖటుక్కుమంది.

“వచ్చింది!” అని అరిచింది అత్తగారు, తాళం తనే తీసినంత సంబరంగా.

బందులు ఊడదీసేసరికి తలుపు ఒకవైపుకి ఒరిగింది.

“ఒరేయ్, పైన పట్టుకో! మీద పడుద్ది!”

“పట్టుకున్నా అన్నయ్యా, నువ్వు కింద చూసుకో!”

అన్నదమ్ములు ఇన్నేళ్ళ తరవాత మాట్లాడుకున్న మొదటి మాటలు అవే. ఏం మాట్లాడారో వాళ్ళకే తెలియదు, ఇద్దరి ధ్యాసా బరువు మీదే ఉంది. తలుపు పక్కకి జరిగింది. రెండో సగంలోని వెలుగు ఒక్కసారిగా ఇవతలి గచ్చు మీద పరుచుకుంది.

అత్తగారు ఎవరి చెయ్యీ అందుకోకుండా కుర్చీలోంచి లేచింది. గోడ పట్టుకుని నెమ్మదిగా ఆ ఖాళీలోంచి నడిచి వచ్చి చిన్నకొడుకు మంచం మీద కూర్చుంది. అటూ ఇటూ చూసింది. “ఇంతేనా దూరం?” అంది. “ఇంత దగ్గరికి ఇన్నాళ్ళు అరిచానా? టీ పెట్టు అమ్మాయ్.”

రంగులమ్మ స్టవ్వు వెలిగించిందే గాని, కళ్ళు మసకబారి అగ్గిపెట్టె ఎక్కడ పెట్టిందో కనపడలేదు. ఈలోపు తోడికోడలు కూడా వచ్చేసింది, చేతిలో చక్కెర డబ్బా పట్టుకుని. ఎవరూ పిలవలేదు. పిలవాల్సిన అవసరమూ లేదు. బావగారు మాత్రం పనిముట్లు సర్దుకుంటూ, “తలుపు తిరిగి రాగానే బిగించేస్తా. చెబుతున్నా” అని వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా సందులో అదొక తిరనాళ్ళలా ఉంది. తలుపులన్నీ గోడలకి ఆనించి పెట్టుకుని, షెడ్డునుంచి రాగానే రంగులమ్మ ఒక్కొక్కదాని దగ్గరే గొంతుక్కూర్చునేది. వాటర్ పేపరు తడుపుతూ గుండ్రంగా, మెత్తగా రుద్దేది. చుట్టూ జనం. ఒక్కో రంగు బయటపడ్డప్పుడల్లా ఒక్కో కేక.

“ఆ గులాబీరంగు చూడండే! మా ఆయనకి ప్రమోషన్ వచ్చినప్పుడు వేయించాం.”

“గులాబీరంగు వేసుకున్నారా మీరు? అడిగితే ఎప్పుడూ ఒప్పుకోలేదే!”

టీచరమ్మ తలుపు అన్ని పూతల్లోనూ ఒకటే నీలం. ముదురు, లేత, మళ్ళీ ముదురు. “నేను మనసు మార్చుకోను” అందామె గర్వంగా. తాత తలుపు కింద ఎక్కడో అచ్చమైన నారింజరంగు కనపడింది. తాత దాన్ని చాలాసేపు చూసి, “మీ అమ్మమ్మ చేసిన పని” అన్నాడు అందరికీ కలిపి. తాత భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఆ రోజు తాత మంచం ఆ తలుపు పక్కకే వేయించుకున్నాడు.

తలుపులు లేని ఇళ్ళలో దుప్పట్లు గాలికి ఊగేవి. కూర వాసనలు ఏ ఇంటివో తెలిసేది కాదు. ఒకరి పిల్లి ఇంకొకరి పరుపు మీద పడుకునేది. ఎవరైనా ఎవరింట్లోకైనా, “ఉన్నారా?” అనడం మానేసి, “వచ్చేశా!” అంటూ అడుగుపెట్టేవారు. దొంగలు మాత్రం రాలేదు. తాత కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా.

మధ్య తలుపుని రంగులమ్మ ఆఖరికి ఉంచుకుంది. ముందు తమవైపు రుద్దింది. చాక్లెట్ రంగు పోయాక ఆకుపచ్చ. దాని కింద ఆకాశం రంగు. దాని కింద మీగడ రంగు, ఆఖరికి చెక్క. తలుపు తిప్పి బావగారి వైపు రుద్దింది. బూడిదరంగు పోయాక ఆకుపచ్చ. ఆకాశం రంగు. మీగడ రంగు. ఆమె చేతులు అలాగే ఆగిపోయాయి. ఇటొకసారి, అటొకసారి మళ్ళీ చూసింది. వేలితో తడిమింది. తరవాత దాన్ని పాత దుప్పటితో కప్పి, ఎవరికీ చూపించలేదు.

ప్రదర్శన పెట్టింది పక్క ఊళ్ళోని ఒక పాత నూలు గోడౌనులో. ఎత్తయిన కప్పు, పైన గాజు పలకల్లోంచి ధారగా పడే ఎండ. ప్రదర్శన నడిపే మేడమ్ చెవి వెనక పెన్సిలు పెట్టుకుని అటూ ఇటూ దాదాపు పరుగులు తీస్తోంది. షెడ్డు లారీలోంచి తలుపులు ఒక్కొక్కటే దిగుతుంటే ఆమె రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. “నేననుకున్నదానికన్నా బాగున్నాయి! ఎలా నిలబెడదాం చెప్పండి, మీరే చెప్పండి!”

పక్క గదుల్లో ఇంకెన్నో ఉన్నాయి. చేపలు పట్టేవాళ్ళ చిరిగిన వలలతో ఒకావిడ కట్టిన పందిరి, తమ ఊరి చప్పుళ్ళని రికార్డు చేసి వినిపించే ఒక చీకటి గది, గనుల్లో మట్టితో వేసిన మనుషుల మొహాలు. రంగులమ్మ ఒక్కోదాని ముందూ నోరు వెళ్ళబెట్టి నిలబడింది. వీటి మధ్య నా తలుపులా అనుకుంది. అనుకుంటూనే పరిగెత్తి వెళ్ళి, చట్రాలకి బందులు సరిగా బిగించారో లేదో చూసుకుంది. ఆమె కోరినట్టే తలుపులు సందు వరసలో రెండువైపులా నిలిచాయి. తెరిస్తే తెరుచుకునేలా, వేస్తే పడేలా. మధ్య తలుపు ఆ చివర, రెండువైపులనుంచీ చూసే వీలుగా.

ప్రారంభం రోజున సందు మొత్తం బస్సెక్కి దిగింది. అందరూ మంచి బట్టలు వేసుకున్నారు. అత్తగారిని రంగులమ్మ భర్త చక్రాల కుర్చీలో నెట్టుకొచ్చాడు. ఆమె మహారాణిలా అందరికీ చెయ్యి ఊపింది. బావగారు మాత్రం రానన్నాడు.

లోపలికి రాగానే టీచరమ్మ కళ్ళు తన తలుపు పక్కన ఉన్న చిన్న బోర్డు మీద పడ్డాయి. “దయచేసి ముట్టుకోకండి.”

“ఎవరు రాసింది ఇది? నా తలుపుని నన్నే ముట్టుకోవద్దంటారా?”

మేడమ్ గబగబా వచ్చి చూసింది. ఒక్క క్షణం ఆలోచించింది. తరవాత బోర్డులన్నీ తన చేత్తోనే పీకి కుర్చీ కింద పడేసింది. “తోసుకుని వెళ్ళండి!” అంది గట్టిగా, అందరికీ వినపడేలా.

అంతే. తలుపులు తెరుచుకోవడం, పడటం మొదలైంది. వచ్చినవాళ్ళు ఒక తలుపులోంచి దూరి ఇంకో తలుపులోంచి బయటపడుతున్నారు. సందువాళ్ళు ఎవరి తలుపు దగ్గర వాళ్ళు నిలబడి, “రండి రండి, ఇది మాదే” అని పిలుస్తున్నారు. తాత ఎక్కడినుంచో కుర్చీ సంపాదించి గుమ్మంలో కూర్చుని, నారింజరంగు చూపించి భార్య సంగతి చెబుతున్నాడు. చుట్టూ పదిమంది చేరి వింటున్నారు. వాళ్ళు కదలరు, వెనకవాళ్ళకి దారి దొరకదు. ఎవరో ఒకావిడ, “మా ఇంటి తలుపు కింద కూడా ఏదో ఎరుపు ఉండాలండీ, ఇంటికెళ్ళగానే చూస్తాను” అంటూ రంగులమ్మ చెయ్యి పట్టుకుని ఊపేసింది. రంగులమ్మకి నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాయి. గుక్కెడు నీళ్ళు తాగడానికి కూడా ఎవరూ వదల్లేదు.

ఆ గోలలో గుమ్మం దగ్గర ఆమెకి తెలిసిన పనిముట్ల పెట్టె ఒకటి కనపడింది.

“రోడ్డు మీదికి వినపడుతోంది ఆ కిర్రు” అన్నాడు బావగారు, ఎవరూ ఏమీ అడక్కముందే. “ఎవడు బిగించాడు ఈ బందు? నూనె లేకుండా ఎలా తిరుగుతుందనుకున్నాడు?” కవలల తల్లి తలుపు దగ్గర వంగి నూనె పోశాడు. పక్క తలుపుకి పోశాడు. ఎదురు తలుపుకీ. అలా పోసుకుంటూ పోసుకుంటూ ఆ చివరికి చేరుకున్నాడు. అప్పటికే అక్కడ నలుగురు చేరి ఉన్నారు.

“ఈ ఒక్క తలుపే వింతగా ఉందండీ” అంది వాళ్ళలో ఒక ముసలావిడ. “పైరంగులు ఇటొకటి, అటొకటి. కింద రంగులన్నీ రెండువైపులా అవే. ఎందుకలా?”

బావగారు వంగి చూశాడు. తలుపు తెరిచి రెండోవైపు చూశాడు. మళ్ళీ ఇటు చూశాడు.

“ఈ బూడిదరంగు నేను వేసింది” అన్నాడు మెల్లగా. “అటు చాక్లెట్ రంగు మా తమ్ముడు వేసుకున్నాడు. ఈ ఆకుపచ్చ...” బొటనవేలితో ఆ వలయాన్ని రుద్దాడు. “ఇది మేమిద్దరం కలిసి వేశాం. వేసవి సెలవుల్లో.”

“రంగు డబ్బా తన్నేసింది నువ్వే” అని తలుపు అవతలినుంచి వినిపించింది.

బావగారు గిరుక్కున తిరిగాడు. “నేనా? నిచ్చెన కింద కూర్చుని ఆడుకున్నదెవర్రా?”

“నాన్న కొట్టింది నిన్నేగా!”

“నీ బదులు నన్ను కొట్టాడ్రా! తమ్ముడు కదా, చెబితే ఏడుస్తాడని నేనే నోరు మూసుకున్నా!”

“నువ్వా? నోరు మూసుకున్నావా? నువ్వు?”

గొంతులు గోడౌను కప్పుకి తగిలాయి. వచ్చినవాళ్ళు ముందు హడలిపోయారు. సందువాళ్ళు మాత్రం ఒకరి మొహాలొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకుంటున్నారు. ఇద్దరూ వేళ్ళు చూపించుకుంటూ, ఆకుపచ్చ మీద ప్రమాణాలు చేసుకుంటూ, ఒకరి మాటకొకరు అడ్డుపడుతూ ఎడాపెడా పోట్లాడుకుంటున్నారు. అంత మాట్లాడుకోవడం వాళ్ళు ఆపేసి ఎన్నాళ్ళయిందో.

“ఆపండర్రా!” అంది అత్తగారు చక్రాల కుర్చీలోంచి. “మీరిద్దరూ కాదు. ఆ డబ్బా తన్నింది నేను. చీర కుచ్చిళ్ళు తట్టుకుంది. మీ నాన్నకి చెబితే నన్నంటాడని ఊరుకున్నా.”

అన్నదమ్ములిద్దరూ ఒకేసారి, “అమ్మా!” అన్నారు. గోడౌనంతా నవ్వుతో దద్దరిల్లిపోయింది. ప్రశ్న అడిగిన ముసలావిడ కళ్ళు తుడుచుకుంటూ, ఇంత మంచి ప్రదర్శన తను ఎక్కడా చూడలేదని మేడమ్‌తో చెప్పింది.

నవ్వులు సద్దుమణిగాక బావగారు ఆ వలయం అంచు మీద మళ్ళీ వేలు పెట్టాడు. “అమ్మాయ్” అన్నాడు. ఆమెని ఆయన అలా పిలవడం అదే మొదలు. “ఒక రంగులోంచి ఇంకో రంగులోకి వెళ్ళే చోట అంచే తగలట్లేదు. ఎలా తెచ్చావు ఇంత నునుపు?”

“చేతి బరువు వెయ్యకూడదండీ. నీళ్ళు ఆగకూడదు. అంతే.”

“అంతే అంటావేంటి! నలభై రకాల ఆకురాళ్ళున్నాయి నా దగ్గర. ఇంత నునుపు నాకు రాదు.” తలూపాడు. “చెయ్యి తిరిగిన పని.”

ఆమె సరేనన్నట్టు తల వంచుకుంది. లోపల మాత్రం షెడ్డులో రేకుల మీద సుత్తులన్నీ ఒక్కసారి మోగినట్టయింది.

జనం తాకిడి చూసి ప్రదర్శనని ఇంకో నెల పొడిగించారు. ఆ తరవాత సముద్రం ఒడ్డున ఉన్న మరో ఊరివాళ్ళు ఈ తలుపుల్ని తమ దగ్గరికీ పంపమని అడిగారు. సందులో మీటింగు పెట్టుకున్నారు. వానలొస్తే ఎలా అని ఒకరన్నారు. టార్పాలిన్ పట్టా కట్టుకుందామని ఇంకొకరు. చలికాలం దాకా తలుపులు లేకపోతే ఏం కొంపలు మునుగుతాయని మూడోవారు. చేతులెత్తమంటే ఎత్తని చెయ్యి లేదు. బావగారైతే తన వీధి తలుపు కూడా ఈసారి పట్టుకెళ్ళాలని పట్టుబట్టాడు. మధ్య ఖాళీ సంగతి ఎవరూ ఎత్తలేదు. అత్తగారు తన కుర్చీ సరిగ్గా అక్కడే వేయించుకుంది. రెండువైపులా ఏం జరుగుతోందో చూడటానికి అదే బాగుందట. అక్కడ మళ్ళీ తలుపు పెట్టాలంటే ముందు ఆమెని లేపాలి. ఆ ధైర్యం ఎవరికుంది?

సముద్రం ఊరికి వెళ్ళిన రోజు ఎండ చురచురలాడుతోంది. ఒక మూతపడ్డ సినిమా హాలు ముందు లారీ ఆగింది. అన్నదమ్ములు చెరోవైపు పట్టుకుని మొదటి తలుపు దించుతూ, ఎటు తిప్పాలన్న దాని మీద అప్పుడే వాదన మొదలెట్టారు. ఎదురు మేడ మీదినుంచి జనం తొంగిచూశారు. ఎవరో ఏమిటని అడిగితే, తోడికోడలు గొంతెత్తి అంతా చెప్పింది. రంగులు, వలయాలు, సందు, అన్నీ. చెబుతూ చెబుతూ చేతులు ఎంత ఊపిందంటే ఆమె గాజులు లారీకి తగిలి టంగుమన్నాయి.

వాళ్ళు సగం తలుపులు దించేసరికి వీధి మలుపులో ఒక మనిషి కనపడ్డాడు. ఉప్పుగాలికి పొరలు లేచిపోయిన కిటికీ రెక్కని భుజం మీద మోసుకుని ఆయాసపడుతూ వస్తున్నాడు. వెనకాల భార్య రెండో రెక్క మోస్తోంది. వాళ్ళ వెనక ఇంకెవరో గేటు ఈడ్చుకొస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

“ఇక్కడ రుద్ది రంగులు చూపించే ఆవిడ ఎవరండీ?” అన్నాడతను రొప్పుతూ. “మా ఇల్లు ముందెవరిదో మాకు తెలీదు. దీని కింద ఏముందో చూస్తారా?”

రంగులమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. సంచీలో చెయ్యి పెట్టి కొత్త వాటర్ పేపరు తీసి, రెండుగా మడిచి చింపింది.

“ఇక్కడ నీడలో పడుకోబెట్టండి” అంది. “ఎవరైనా ఒక బకెట్టు నీళ్ళు పట్టుకురండి!”